బోధన్ చెరుకు బండ్ల మధ్య సన్న పిజ్జాలు

పిజ్జాలు చేయడానికి బోధన్ పోతున్నానంటే మా నిజామాబాదు కంఠేశ్వర్ వాడకట్టులో ఒక్కరూ నమ్మలేదు. నల్లా దగ్గర బిందెలు పెట్టుకొని నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. పెళ్ళికి పోతారు, చావుకు పోతారు, చెరుకు నరకడానికీ పోతారు, పిజ్జా చేయడానికి ఎవరైనా బోధన్ పోతారా అని. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పోయివచ్చి పదిహేను రోజులైంది, నా కోపం ఇంకా దిగలేదు.

బోధన్‌లో మా తమ్ముడు గంగారాం ఉంటాడు. సొంత ఎడ్లబండి. సీజన్ మొదలైందంటే నిజాంసాగర్ కాలువ కింది పల్లెల నుంచి ఫ్యాక్టరీకి చెరుకు తోలుతాడు. మూడేళ్ళ కింద షుగర్ బయటపడింది. ఈ యేడు బండి చక్రం ఇనుప పట్టా గీరుకొని కుడికాలి బొటనవేలికి పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు. నెల రోజుల్లో షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని బోధన్ డాక్టరమ్మ చెప్పేసింది. ఆ కాలు మోపే కదా వాడు బండి ఎక్కాలి. వేలు పోతే బండి పోతుంది, బండి పోతే వాడేం చేస్తాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు.

అన్నం తగ్గించమంటే వాడు వినడు. ఎండు పుల్కా, ఉడకబెట్టిన సొరకాయ పెడితే జైలు కూడంటాడు. దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు బస్టాండు దగ్గరి బేకరీలో ఒక పిజ్జా ముక్క రుచి చూశాడు. "అక్కా, గిది దినాం పెడితే అన్నం ముట్టనే ముట్ట" అన్నాడు. ముప్పై అయిదు రూపాయల ఆ పిజ్జాను నేను విప్పి చూశాను. కింద బన్నులాంటి తియ్యటి రొట్టె, రెండు వేళ్ళ మందం. దాని మీద సీసాలోంచి వంచిన టమాటా సాసు, అంటే ఎర్ర రంగు పాకం. పైన వేలెడు మందం చీజు. దీన్ని పిజ్జా అని అమ్మేవాడికి సిగ్గుండాలి.

నేను బహ్రెయిన్‌లో ఒక లెబనాన్ వాళ్ళింట్లో నాలుగేళ్ళు వంట చేసి వచ్చినదాన్ని. వాళ్ళ రాత్రి భోజనం అప్పడమంత పల్చని రొట్టె, మీద కాల్చిన టమాటా, వంకాయ, నాలుగు జైతూన్ కాయలు, అంటే ఆలివ్‌లు, గుడ్డలో కట్టి వడేసిన పెరుగు, జాతర్ అనే ఎండుటాకు. పొయ్యి మీద పది నిమిషాల పని. మా మేడం రెండు తిని లేచేది, కడుపు బరువన్న మాట ఆమె నోట వినలేదు. వాళ్ళ దేశం ఉన్న సముద్రం చుట్టూరా ఇట్లాగే తింటారట. తమ్ముడికి పిజ్జానే కావాలంటే ఆ పిజ్జా పెడదామనుకున్నాను. నాలుగు రోజులు వంట నాది అని కబురు చేసి బయలుదేరాను.

మందుల దుకాణం

జైతూన్ నూనె కోసం కిరాణా దుకాణాలు మూడు తిరిగాను. చివరికి మందుల దుకాణంలో దొరికింది, పిడికిలంత డబ్బా.

"పిల్లగాడు ఎన్ని నెలలోడమ్మా?" అని అడిగాడు దుకాణమాయన.

"నలభై రెండేండ్లోడు" అన్నాను.

ఆయన డబ్బా ఇవ్వబోయి ఆగాడు. "మాలీషుకేనా?"

"తినేటందుకు."

"తినేది కాదమ్మా ఇది. రేపు ఏమన్నైతే నా మీదికి వస్తరు."

డబ్బా మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు, ఒకసారి నన్ను చూశాడు, మళ్ళీ చదివాడు. "తినొచ్చనే రాసిండ్రు" అని ఒప్పుకున్నాడు గానీ ఎనభై రూపాయల్లో ఒక్క రూపాయి తగ్గించలేదు. ఆ పైసలకు పల్లీనూనె కిలోకు పైగా వస్తుంది. బహ్రెయిన్‌లో ఈ నూనెను మేం గిన్నెలో పోసుకొని రొట్టె ముంచుకునేవాళ్ళం. మన ఊళ్ళో అది పసిపిల్లల వీపులకు, తినే రోగులకు మాత్రం ఆ సీసా సాసు పాకం.

ఎడపల్లి చాయ్

బోధన్ బస్సు ఎడపల్లిలో చాయ్ కోసం ఆగింది. చక్కెర లేకుండా ఇమ్మన్నాను. చాయ్ ఆయన పొయ్యి మీది గిన్నె చూపించాడు. చక్కెర అందులోనే మరుగుతోంది.

"చెరుకు దేశంల కూసోని చక్కెర వద్దంటవా అక్కా? నన్ను బద్నాం చేస్తవా ఏంది?"

మా నిజామాబాదులో అడిగితే ముఖం ముడుచుకొనైనా వేరే కాచి ఇస్తారు. ఇక్కడ చక్కెర వద్దనడం వాళ్ళ పొలాన్ని తిట్టినట్టు. రెండు రూపాయలిచ్చి, పాకంలాంటి ఆ చాయ్ తాగలేక రోడ్డు పక్కన పారబోశాను. చూసి ఆయన మరింత నొచ్చుకున్నాడు.

బస్సులో నా పక్కన ఒక పెద్దామె, ఒళ్ళో తువ్వాలలో చుట్టిన బెల్లం ముద్ద. బోధన్ దవాఖానలో మరిదిని చూడడానికి పోతోందట.

"ఏం బీమారి?" అని అడిగాను.

"షుగర్ అంట, పాపం."

"షుగర్ ఉన్నోనికి బెల్లం కొంటవోతున్నవా అవ్వా?"

"మరి బీమారోని కాడికి ఉత్త చేతులతోని పోతరా బిడ్డా? ఆయన తినకపోతే పక్క మంచపోళ్ళు తింటరు."

పక్క మంచపోళ్ళకూ అదే జబ్బయితే ఎట్లా అని అడుగుదామనుకున్నాను. ఆమె అప్పటికే అంచు చిదిపి నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టింది. అంత ప్రేమగా పెట్టేవాళ్ళను ఏమని తిట్టాలి? ముక్కను కొంగుకు ముడేసుకున్నాను.

గమేళా కింద రొట్టె

తమ్ముడి భార్య సాయవ్వ గడపలో కూర్చొని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, చేతిలో ఆకు కత్తిరించే కత్తెర. దినానికి వెయ్యి చుట్టి కార్ఖానాకు ఇస్తుంది. నన్ను చూసి లేవబోతే నేనే ఆపాను.

"వదినా, ఆయన నీ పిజ్జాల కోసం పొద్దుటి సంది ఏం తినలే. ఎదురుసూసుడే" అంది.

జొన్నపిండి, గోధుమపిండి సగం సగం తీసుకున్నాను. ఉత్త జొన్న అయితే పల్చగా వత్తేటప్పుడు పగులుతుంది. వేడినీళ్ళు, చెంచా పెరుగు, ఉప్పు. పులియబెట్టడం లేదు, కాచుకొని కూర్చోవడం లేదు. టమాటాలు నిప్పుల మీద తోలు నల్లబడేదాకా కాల్చి, తోలు తీసి వెల్లుల్లితో నలిపాను. రొట్టెను పెనం మీద ఒక పక్క కాల్చి తిప్పేసి, కాలిన పక్క మీద టమాటా పూసి, రేకుల్లా కోసిన వంకాయ, ఉల్లిగడ్డ, క్యాప్సికం పరిచి, వడేసిన పెరుగు అక్కడక్కడ పెట్టాను. పైన జైతూన్ నూనె నాలుగు చుక్కలు, జాతర్ చిటికెడు. జైతూన్ కాయలు కొనే తాహతు లేదు, ఉప్పులో ఊరిన ఉసిరికాయ ముక్కలు వేశాను. పొయ్యి కింది మంట తగ్గించి, మట్టి మోసే ఇనుప గమేళాను కడిగి పెనం మీద బోర్లించి దాని వీపు మీద నిప్పులు పోశాను. అయిదు నిమిషాల్లో అంచులు కరకరలాడాయి.

గంగారాం మూడు తిన్నాడు. ఎండాకాలం కడవలో నీళ్ళు తాగినట్టు తిన్నాడు.

"బేకరీ దానికన్న నయమే" అన్నాడు. "చీజు తక్కువైంది గంతే."

"చీజు కాదు, నీ వేలు తక్కువైతది సూసుకో" అన్నాను.

ఆ సాయంత్రం పలకరించడానికి ముగ్గురు వచ్చారు. ఒకరు బెల్లం, ఒకరు పేడాలు, ఒకరు చెరుకు రసం సీసా తెచ్చారు. మూడింటినీ వాకిట్లోనే తీసుకొని వాళ్ళు వెళ్ళగానే వెనక్కి పంపించాను. ఆ వీధిలో నాకు మంచి పేరు రాలేదు. రాకపోనీ.

చాటలో పడ్డ ఆకు

రెండో రోజు పొద్దున వంకాయల కోసం అంగడికి పోయాను. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒకామె "ఘ్యా బాయి, ఘ్యా" అని మరాఠీలో తీసుకోమంటూ పిలిచి తాజా వంకాయలు నా సంచిలో తనే వేసేసింది. నాలుగు రూపాయలకు కిలో, పైన కొత్తిమీర కట్ట ఊరికే. మా నిజామాబాదు గంజ్ మార్కెట్‌లో కొత్తిమీర అడిగితే ముఖం తిప్పుకుంటారు. ఈ ప్రయాణంలో నాకు కోపం తెప్పించని మనిషి ఆమె ఒక్కతే.

ఇంటికి వచ్చేసరికి నా జాతర్ పొట్లం ఖాళీ. బహ్రెయిన్ నుంచి తెచ్చుకొని ఆరేళ్ళుగా చిటికెడు చిటికెడు వాడుకుంటున్న ఆకు. సాయవ్వ దాన్ని తన తంబాకు అనుకొని చాటలో కలిపేసింది. రెండూ ఒకే రంగు, ఒకే నలుగుడు. అప్పటికే రెండు వందల బీడీలు చుట్టింది.

"వాసన మంచిగుంటే కొత్త మాలు ఇచ్చిండ్రనుకున్న వదినా" అంది భయంగా.

నేను గయ్‌మన్నాను. ఆమె బీడీలన్నీ విప్పబోయింది. విప్పితే నా ఆకు తిరిగి వస్తుందా? ఎండు పుదీనా, వాము, వేయించిన నువ్వులు కలిపి దంచి పని కానిచ్చాను. గంగారాం తేడా కనిపెట్టలేదు. అది ఇంకో కోపం.

డాక్టరమ్మ ముందు

మూడో రోజు పరగడుపున క్లినిక్‌కు పోయాం. వేలు గుచ్చి మిషన్‌లో చూశారు. రెండు రోజులు నా చేతి వంట తిన్న మనిషికి షుగర్ దిగలేదు సరికదా, పోయినసారి కంటే ఎక్కువుంది. పుండు అంచులు నల్లబడ్డాయి.

డాక్టరమ్మ హైదరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఏమేం పెట్టారో చెప్పమంది. నేను చెంచాలతో సహా చెప్పాను.

"మీరు చెప్పింది నిజమైతే ఇంత ఉండకూడదు. ఇంట్లో ఎవరో చాటుగా పెడుతున్నారు" అంది.

ఇంట్లో నేను, సాయవ్వ, వాడు. నేను పెట్టలేదు. ఇక మిగిలింది ఎవరు?

వాడు అటునుంచి అటే బండి దగ్గరికి పోయాడు. నేను ఇంటికి వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ దించాను. వెనక మూలన బెల్లం డబ్బా దొరికింది. తీసుకొచ్చి వాకిట్లో సాయవ్వ చాట ముందు కొట్టినట్టు పెట్టాను. చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా చేతులు ఆపి చూశారు.

"మొగని వేలు కోసేదాక నీకు నిద్రవట్టదా? చాటుంగ ఎంత పెడుతున్నవు?"

"అది ఎడ్లకు వదినా. దూరం పోయొస్తె నీళ్ళల్ల కలిపి తాపుతం."

"ఎడ్లకా? నాకు చెవులల్ల పువ్వులు వెట్టకు."

సాయవ్వ కత్తెర కింద పెట్టింది. "నేను పెట్టలే" అంది. ఆ ఒక్క మాటే. చాట తీసుకొని లోపలికి పోయింది.

బండ్ల వరుస

మధ్యాహ్నం పిజ్జాలు నేనే పట్టుకుపోయాను. ఈసారి ఎవరి చేతికీ ఇచ్చేది లేదనుకున్నాను. ఫ్యాక్టరీ గేటు నుంచి చెరుకు బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి. తూకానికి వంతు రావడానికి ఒక్కోసారి పగలూ రాత్రీ పడుతుందట. ఎడ్లను విప్పి కట్టేసి, మనుషులు బండ్ల నీడన గుంపులుగా కూర్చుంటారు. గాలి నిండా తియ్యటి పులుపు వాసన.

గంగారాం తన బండి కింద కూర్చున్నాడు. పక్కన భూమన్న అనే ఇంకో బండాయన. ఇద్దరి మధ్యా నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పి, మోకాలెత్తు కుప్ప.

"పొద్దుటిసంది ఏం తిన్నవు రా?" అని అడిగాను.

"ఏం తినలే అక్కా. నీ మీద ఒట్టు. నీ రొట్టె కోసమే సూస్తున్న."

"మరి నోట్లె ఏంది?"

వాడు నోట్లోది తీసి, అప్పుడే కనబడ్డట్టు చూసుకున్నాడు. "గిదా? చెరుకు."

"చెరుకు తిని, ఏం తినలే అంటవేంది?"

"తిన్ననా? నమిలిన. పిప్పి ఉమ్మేసిన గదా."

భూమన్న వాడి వైపు నిలబడ్డాడు. "అక్కా, గది తినుడు కాదు, టైంపాస్. వరుసల కూసున్నోడు నమలకుంటె ఏం జేస్తడు? చిన్నప్పటి సంది నములుతున్నం. కడుపులకు ఏం పోతది?"

చుట్టూ ఉన్న బండ్లవాళ్ళు తలలూపారు. ఒక్కడి ముఖంలోనూ దొంగతనం లేదు. వీళ్ళకు కంచంలో పెట్టుకున్నదే తిండి. బండి మీదినుంచి విరుచుకున్నది తిండి కాదు. డాక్టరమ్మ ఏం తింటావని అడిగిన ప్రతిసారీ మా తమ్ముడు అన్నం, రొట్టె, చాయ్ అని నిజమే చెప్పాడు. చెరుకు నములుతావా అని ఆమె అడగలేదు. చెరుకు బండి తోలేవాణ్ణి ఆ మాట అడగాలని ఆ చదువుకున్నామెకు తట్టలేదు, నాలుగేళ్ళు పరదేశంలో వండి వచ్చిన నాకూ తట్టలేదు.

"దినానికి ఎన్ని గడలు?"

"గవి ఎవలు లెక్కవెడుతరు? నాలుగో, అయిదో."

"పిప్పి ఉమ్మినవు. రసం యాడ ఉమ్మినవు రా?"

వాడు కాలి కట్టు వైపు చూసుకున్నాడు. భూమన్న చేతిలోని ముక్క మెల్లగా కింద పెట్టాడు. అతని తండ్రికి మోకాలి కింద కాలు లేదని తర్వాత తెలిసింది. ఆయనా బండ్లు తోలినవాడే.

తెచ్చిన పిజ్జాలు నలుగురికీ పంచాను. "రొట్టె మీద కూర ఒలకవోసినట్టున్నది గని మంచిగనే ఉన్నది" అన్నాడు భూమన్న. నాకు ఆ మెప్పు చెవికెక్కలేదు. వాకిట్లో పెట్టిన బెల్లం డబ్బా, లోపలికి పోయిన సాయవ్వ వీపు, అవే కళ్ళ ముందున్నాయి.

వాకిట్లో

సాయంత్రం వంటింట్లో సాయవ్వ దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. చెరుకు సంగతి మొత్తం చెప్పాను. ఆమె తల ఎత్తకుండా విన్నది.

"నువ్వు తిట్టింది వాకిట్ల వదినా. చెప్పేది వంటింట్లనా?" అంది.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఆడబిడ్డను, పెద్దదాన్ని, నేనే దిగి వచ్చి చెబితే చాలదా అనిపించింది. ఆ రాత్రి పక్క మీద దొర్లుతూ ఆమె మాటలో తప్పు వెతికాను. దొరకలేదు.

నాలుగో రోజు పొద్దున ఆడవాళ్ళు చాటలు పట్టుకొని గడపల్లో కూర్చోగానే వాకిట్లో నిలబడ్డాను. "సాయవ్వ బెల్లం పెట్టలే. నేను ఊకెనే అన్న. తప్పు నాది" అని అందరికీ వినపడేలా చెప్పాను. ఎదురింటామె "మాకెర్కనే" అంది. ఎరుకైతే నిన్న ఎందుకు అనలేదని అడగాలనిపించింది. నాకు ఆ హక్కు లేదు.

సాయవ్వ అప్పుడు లేచింది. "పిండి యాడ పెట్టినవు వదినా?" అంది.

నేను చేస్తుంటే రెండుసార్లు చూసింది, అంతే, పెనం తనే తీసుకుంది. నా కంటే పల్చగా వత్తింది, నా కంటే త్వరగా కాల్చింది. కత్తెరను బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, కాలిన పిజ్జాను ముక్కలు చేసింది. చూడకుండానే కత్తిరిస్తోంది, ప్రతి ముక్కా బీడీ ఆకు కొలతే.

"గింత చిన్నగ ఎందుకు?" అని అడిగాను.

"గడియకొకటి పెట్టాలె గదా" అంది.

తిరుగు బస్సు

నా బస్సు ఫ్యాక్టరీ రోడ్డు మీదే పోతుంది. బండ్ల వరుస దగ్గర జనం అడ్డం వచ్చి ఆగింది. కిటికీలోంచి చూశాను. గంగారాం బండి వరుస మధ్యలో, మాట వినపడేంత దగ్గరగా ఉంది. సాయవ్వ చాట తీసుకొని బండి దగ్గరికి వచ్చేసింది. బండి నీడన మొగుడి పక్కన కూర్చొని బీడీలు చుడుతోంది. ఆ వరుసలో ఇంకో ఆడమనిషి లేదు. బండ్లవాళ్ళు ఏదో అని నవ్వుతున్నారు. ఆమెకు పట్టింపు లేదు.

గంగారాం చెయ్యి పైకి, చెరుకు మోపు వైపు పోయింది. సాయవ్వ తల ఎత్తకుండానే ఆ చేతిని కిందికి లాగి, డబ్బాలోంచి ఒక పిజ్జా ముక్క తీసి పెట్టింది.

"ఆకలైతలేదే" అన్నాడు వాడు.

"నీ ఆకలికెవలు పెడుతున్నరు? నోటికి పెడుతున్న. నములు" అంది సాయవ్వ.

వాడు నమిలాడు. బస్సు కదిలింది.